ఆసుపత్రి నాణ్యతా బృందాలకు ఎలాంటి లక్ష్యాలు పెట్టాలి?

సంపాదకులు గారికి,

నమస్కారం. ప్రభుత్వ ఆసుపత్రులకు జాతీయ నాణ్యతా ప్రమాణాల ధ్రువపత్రం వచ్చిందనీ, కాయకల్ప పురస్కారం దక్కిందనీ మీ జిల్లా పేజీల్లో తరచూ వార్తలు చదువుతున్నాను. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా, ఆ తరువాత హెడ్ నర్సుగా పనిచేసి, చివరి కొన్నేళ్లు ఒక ఏరియా ఆసుపత్రి క్వాలిటీ టీమ్‌లో సభ్యురాలిగా ఉండి పదవీ విరమణ చేసినదాన్ని కనుక ఆ వార్తలు నాకు నిజంగా సంతోషం కలిగిస్తాయి. అయితే ఆ బృందం ఏ అంకెను మార్చాలని పనికి పూనుకుంది, పని మొదలుపెట్టే నాటికి ఆ అంకె ఎంత, ఇప్పుడెంత అన్న మూడు సంగతులు వాటిలో ఎక్కడా కనిపించవు. ఇది విలేకరుల లోపమని నేను అనడం లేదు. చాలా చోట్ల ఆ అంకె ఆసుపత్రి దగ్గరే ఉండదు. ఆ విషయం గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మేమంతా ఎన్‌క్వాస్ అని పిలుచుకునే జాతీయ ప్రమాణాలు 2013లో జిల్లా ఆసుపత్రులతో మొదలయ్యాయి. 2015లో పరిశుభ్రత కోసం కాయకల్ప, 2017 డిసెంబరులో కాన్పు గదుల కోసం లక్ష్య కార్యక్రమం వచ్చాయి. సేవల లభ్యత, రోగుల హక్కులు, వనరులు, సహాయక సేవలు, వైద్య సేవలు, ఇన్ఫెక్షన్ల నియంత్రణ, నాణ్యతా నిర్వహణ, ఫలితాలు అనే ఎనిమిది విభాగాల్లో ఆసుపత్రిని పరిశీలించి మార్కులు వేస్తారు. జాతీయ ధ్రువపత్రం రావాలంటే మొత్తం మీద కనీసం 70 శాతం రావాలి. ఈ పద్ధతి మా ఆసుపత్రులకు చాలా మేలు చేసిందని మనస్ఫూర్తిగా చెప్పగలను. రంగు సంచుల్లో చెత్త వేరు చేయడం దగ్గర నుంచి ఆపరేషన్ థియేటర్‌లో రిజిస్టర్లు రాయడం వరకూ ఎన్నో మంచి అలవాట్లు దీనివల్లే స్థిరపడ్డాయి. కానీ తనిఖీ బృందం వచ్చే రోజుకు మార్కులు తెచ్చుకోవడం వేరు, ఏడాది పొడుగునా పని జరిగే తీరును మార్చడం వేరు. రెండో పని కోసమే ప్రతి ఆసుపత్రిలో సూపరింటెండెంటు, ఆర్ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్), హెడ్ నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు కలిసి క్వాలిటీ టీమ్‌గా నెలకోసారి కూర్చుంటారు.

ఆ సమావేశాల మినిట్స్ చాలా ఏళ్లు నేనే రాశాను. "రోగుల నిరీక్షణా సమయమును తగ్గించవలెనని తీర్మానించడమైనది" అని ఒక నెల రాసేదాన్ని, "తగు చర్యలు తీసుకొనబడుచున్నవి" అని మరుసటి నెల రాసేదాన్ని. ఎంత నుంచి ఎంతకు తగ్గించాలో, ఏ తేదీలోగా తగ్గించాలో అందులో లేదు కనుక ఆ తీర్మానం నెరవేరిందని గానీ నెరవేరలేదని గానీ ఎవరూ చెప్పలేకపోయేవారు. అమెరికాలో డాక్టర్ డొనాల్డ్ బెర్విక్ నడిపిన సంస్థ 2004 డిసెంబరులో ఆసుపత్రుల్లో నివారించదగిన మరణాలను తగ్గించే ఉద్యమాన్ని ప్రకటించినప్పుడు, "కొన్ని అనేది అంకె కాదు, త్వరలో అనేది గడువు కాదు" అని చెప్పి లక్ష ప్రాణాలు అనే అంకెను, 2006 జూన్ 14 ఉదయం 9 గంటలు అనే గడువును సభలోనే ప్రకటించారు. ఒక శిక్షణ తరగతిలో ఆ మాట విన్న రోజున నేను రాసిన మినిట్స్ పుస్తకం గుర్తుకు వచ్చి చాలా బాధ కలిగింది.

అంకె పెట్టుకుంటే చాలు అనుకోవడానికీ వీలు లేదు. ఏ అంకె అన్నదే అసలు సంగతి. ప్రభుత్వ ఆసుపత్రి పనితీరును జిల్లా సమీక్షల్లో మొదట అడిగేది ఓపీ సంఖ్యతోనే. రోజుకు ఎంతమంది బయటి రోగులు వచ్చారు, గత నెల కన్నా పెరిగారా తగ్గారా అని అడుగుతారు. ఆ సంఖ్య ఎలా పెరుగుతుందో ఒక మనిషిని చూసి నేను గ్రహించాను. పక్క మండలం నుంచి ఒక పెద్దామె షుగర్ పరీక్ష కోసం పొద్దున్నే ఏమీ తినకుండా మొదటి బస్సెక్కి వచ్చేది. చీటీ కౌంటర్ దగ్గర ఒక వరుస, డాక్టరు గది బయట మరో వరుస, రక్తం ఇచ్చే కిటికీ దగ్గర ఇంకో వరుస దాటి ఆమె రక్తం ఇచ్చేసరికి పదకొండు అయ్యేది. రిపోర్టు చేతికి వచ్చేసరికి ఒంటి గంట దాటేది, అప్పటికి ఓపీ అయిపోయేది. "రేపు రా అమ్మా" అని మేమే చెప్పేవాళ్లం. ఆమె మరునాడు మళ్లీ బస్సు ఛార్జీ పెట్టుకుని వచ్చి, మళ్లీ చీటీ తీసుకునేది. మా రిజిస్టరులో ఆమె రెండు ఓపీలు. ఒక రోజులో ముగించాల్సిన పనిని మేము ముగించలేకపోతే మా నెలవారీ నివేదికలో అది పెరిగిన పనిగా కనిపించింది. కూలికి పోయే మనిషికి రెండో రోజు అంటే ఒక రోజు కూలి పోవడమేనన్నది ఆ నివేదికలో ఏ గడిలోనూ పట్టలేదు.

అప్పుడు మా బృందం ఒక చిన్న లెక్క తీసింది. రెండు వారాల పాటు గేటు దగ్గర సెక్యూరిటీ అతను రోగి చేతికి ఒక అట్టముక్క ఇచ్చి, దాని మీద వచ్చిన సమయం రాసేవాడు. చీటీ కౌంటర్, డాక్టరు గది, రక్తం తీసే కిటికీ, రిపోర్టు ఇచ్చే బల్ల, ఫార్మసీ – ప్రతి చోటా అక్కడున్నవారు గడియారం చూసి సమయం వేసేవారు. ఫార్మసీలో అట్టముక్క వెనక్కి తీసుకునేవాళ్లం. ఇందుకు కంప్యూటరు గానీ, అదనపు ఖర్చు గానీ అవసరం కాలేదు. రెండు వారాలయ్యాక ఆ ముక్కలన్నీ బల్ల మీద పరిచి చూస్తే, మేమంతా ఎంతో కాలంగా తప్పుపడుతున్న చీటీ కౌంటర్ దగ్గర పోయే సమయం మొత్తంలో చిన్న భాగమేనని తేలింది. 2022 నుంచి చాలా ఆసుపత్రుల్లో క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేసి టోకెన్ తీసుకునే ఏర్పాటు వచ్చింది, మంచిదే. కానీ కౌంటర్ దగ్గర ఆదా అయిన సమయాన్ని రోగి డాక్టరు గది బయట నిలబడే గడుపుతున్నాడు. కౌంటర్ వరకే లెక్కించిన బృందం విజయం సాధించామనుకుంటుంది. రోగి మాత్రం ఎప్పటిలాగే చీకటి పడ్డాక ఇల్లు చేరతాడు.

ఆ లెక్క చూశాక మేము పెట్టుకున్న లక్ష్యం ఇది: రక్తపరీక్ష రాసిన వారిలో, అదే రోజు డాక్టరు రిపోర్టు చూసి మందులు రాయగా, ఆ మందులు తీసుకుని ఇంటికి వెళ్లినవారు పది మందికి ముగ్గురు మాత్రమే ఉన్నారు, సంక్రాంతి తరువాత మొదలుపెట్టి ఉగాది నాటికి పది మందికి ఏడుగురు కావాలి. ఇందులో పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రోగి వైపు నుంచి చెప్పడం జరిగింది. ఈ అంకె ఏ ఒక్క విభాగమూ ఒంటరిగా మార్చగలిగేది కాదు కనుక ల్యాబ్ మీద ఫార్మసీ, ఫార్మసీ మీద ఓపీ తప్పు నెట్టడానికి వీలు లేకపోయింది. ముఖ్యంగా ఏడుగురు అన్న మాట పై నుంచి వచ్చినది కాదు. పదికి పది అందామని మొదట ఒకరిద్దరు అన్నారు. మన ల్యాబ్‌లో రక్తపరీక్షలకు ఉన్నది సెమీ ఆటో ఎనలైజర్ అనే యంత్రం ఒక్కటే, సోమవారాల్లో శాంపిళ్లు రెట్టింపు వస్తాయి, ఏడు దాటదు అని ల్యాబ్ టెక్నీషియన్ చెప్పాడు. పని చేసే మనిషి చెప్పిన అంకె కనుక దాన్ని చేరుకోవడానికి తనే ముందుండి పట్టుపట్టాడు.

మార్పులు చాలా సాదాసీదావి. పరగడుపు శాంపిళ్లను ఓపీ మొదలు కాకముందే ఏడున్నరకు తీయడం మొదలుపెట్టాం. అంతవరకూ ఎంఎన్ఓ (మేల్ నర్సింగ్ ఆర్డర్లీ) శాంపిళ్లన్నీ ఒక ట్రేలో పోగయ్యాక పదకొండింటికి ఒకేసారి ల్యాబ్‌కు తీసుకువెళ్లేవాడు. అది అరగంటకోసారిగా మార్చాం. రిపోర్టును రోగి చేతికి ఇచ్చి మళ్లీ వరుసలో నిలబడమనే బదులు నేరుగా డాక్టరు గదికి పంపాం. ఉగాది నాటికి పదికి ఆరుగురి దగ్గర ఆగిపోయాం. ఏడు అందుకోలేదు. ఎందుకని వారం వారం అంకెలు తిరగేస్తే, రియేజెంట్లు, అంటే పరీక్షలకు వాడే రసాయనాలు, నిండుకున్న రెండు వారాల్లో లెక్క పూర్తిగా పడిపోయిందని కనబడింది. అంతకు ముందు ఎన్నోసార్లు రియేజెంట్లు సరిపోవడం లేదని ఇండెంటు మీద ఇండెంటు పెట్టినా పెద్దగా స్పందన ఉండేది కాదు. "ఈ రెండు వారాల్లో ఇంతమంది రెండోసారి బస్సెక్కి రావాల్సి వచ్చింది" అని అంకెతో రాసి పంపినప్పుడు పై కార్యాలయం వెంటనే కదిలింది. చేరుకోలేకపోయిన లక్ష్యం వల్ల మాకు కలిగిన ఈ మేలును నేను ఎన్నటికీ మరచిపోలేను.

ఒక్క అంకె మీదే దృష్టి పెడితే పక్కన మరేదో చెడిపోతుందన్నది నా అనుభవంలో ఉన్న మరో సంగతి. వేగం పెంచమని చెప్పినప్పుడు గడ్డకట్టిన శాంపిళ్లు, పేరు తారుమారైన గొట్టాలు పెరుగుతాయి. అందుకని అదే రోజు ఇంటికి వెళ్లినవారి లెక్క పక్కనే, ల్యాబ్ తిప్పి పంపిన శాంపిళ్ల లెక్క కూడా రాసుకున్నాం. మొదటిది పెరుగుతూ రెండోది పెరగకుండా ఉంటేనే మెరుగుదల అని ముందే ఒప్పుకున్నాం. ఇంగ్లండ్‌లో 2000 దశకంలో అత్యవసర విభాగాలకు నాలుగు గంటల గడువు పెట్టారు. వచ్చినవారిలో 98 శాతం మందిని ఆ సమయంలోగా చూసి పంపడమో వార్డులో చేర్చుకోవడమో జరగాలన్నారు. దానివల్ల గంటల తరబడి పడిగాపులు నిజంగానే తగ్గాయి. దాని వెంటే, నాలుగు గంటలు నిండబోయే చివరి కొద్ది నిమిషాల్లో వార్డులకు తరలించేవారి సంఖ్య అసాధారణంగా పెరగడాన్ని అక్కడి పరిశోధకులే గుర్తించారు. గడియారం ముల్లు కోసం తీసుకున్న నిర్ణయాలు అవి. 2010లో ఆ లక్ష్యాన్ని 95 శాతానికి తగ్గించారు.

అంత దూరం వెళ్లనక్కరలేదు. కాన్పు గదిలో పార్టోగ్రాఫ్ అనే కాగితం ఉంటుంది. నొప్పులు పడుతున్న తల్లి నాడి, బిడ్డ గుండె చప్పుడు అరగంటకోసారి, గర్భాశయ ముఖద్వారం తెరుచుకున్న తీరు నాలుగు గంటలకోసారి చూసి అందులో చుక్కలు పెట్టాలి. గీత దారి తప్పుతోందంటే డాక్టరును పిలవాలన్న హెచ్చరిక అది. లక్ష్య కార్యక్రమం వచ్చాక ఎన్ని కేస్‌షీట్లలో పార్టోగ్రాఫ్ నింపారో లెక్కించడం మొదలైంది. నేను పనిచేసిన చోట కొన్నాళ్లకే ఆ లెక్క నూటికి తొంభై దాటింది. ఒక రాత్రి డ్యూటీలో కూర్చుని ఆ కాగితాలు ఒక్కొక్కటే చూశాను. నిజంగా అరగంటకోసారి పెట్టిన చుక్కలైతే వాటిలో రెండు మూడు పెన్నుల సిరా ఉంటుంది, డ్యూటీ మారినప్పుడు చేతిరాత మారుతుంది, ఎక్కడో ఒక కొట్టివేత, ఒక తడి మరక ఉంటాయి. నేను చూసిన చాలా కాగితాల్లో అన్ని చుక్కలూ ఒకే సిరాతో, ఒకే చేతితో, స్కేలు పెట్టి గీసినంత చక్కగా ఉన్నాయి. కాన్పు అయిపోయాక కూర్చుని నింపినవి అవి. ఆ నర్సులను నేను తప్పుపట్టలేదు. రాత్రి పూట ఇద్దరు నర్సులు ఆరుగురు తల్లులను చూస్తున్న చోట, నిండిన కాగితాన్ని లెక్కపెట్టే పద్ధతి వాళ్లకు నేర్పినది అదే.

ఆ కొలతను మార్చాం. పూర్తయిన కేస్‌షీట్లను చూడటం మానేసి, వారంలో రెండుసార్లు, ఎప్పుడని చెప్పకుండా, ఒకసారి పగలు, ఒకసారి అర్ధరాత్రి దాటాక కాన్పు గదికి వెళ్లి, ఆ క్షణంలో నొప్పులు పడుతున్న తల్లుల కాగితంలో గత అరగంట చుక్క ఉందా లేదా అని మాత్రమే చూశాం. తొంభై దాటిన అంకె సగానికి పైగా పడిపోయింది. పడిపోయిన ఆ అంకెనే మేము అసలైన మొదటి అంకెగా తీసుకున్నాం. దాన్ని చూపించి రాత్రి డ్యూటీకి మూడో నర్సును అడిగాం, కొన్ని నెలలకు ఇచ్చారు. నివేదికలో తొంభై శాతమే ఉండి ఉంటే ఆ మూడో నర్సు వచ్చేది కాదు.

లెక్కలో కింది అంకె, అంటే మొత్తం ఎన్నింటిలో అని చెప్పే అంకె గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే సమీక్షల్లో దీన్ని ఎక్కువగా మరచిపోతారు. "ఈ నెల నాలుగు ఇన్ఫెక్షన్లు, పోయిన నెల ఆరు, అంటే మెరుగుపడ్డాం" అంటారు. పోయిన నెల ఆపరేషన్లు ఈ నెలకన్నా రెట్టింపు జరిగి ఉంటే నిజానికి పరిస్థితి దిగజారినట్టే. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో డాక్టర్ పీటర్ ప్రొనొవోస్ట్ బృందం ఐసీయూల్లో పెద్ద రక్తనాళంలో పెట్టే కాథెటర్లు అనే గొట్టాల వల్ల వచ్చే ఇన్ఫెక్షన్లను తగ్గించే పని చేపట్టినప్పుడు, ప్రతి వెయ్యి కాథెటర్ రోజులకు (ఒక రోగికి ఒక రోజు కాథెటర్ ఉంటే అది ఒక కాథెటర్ రోజు) ఎన్ని ఇన్ఫెక్షన్లు అని లెక్కించింది. 2006లో ప్రచురితమైన వారి ఫలితాల ప్రకారం ఆ సగటు 7.7 నుంచి, పదహారు–పద్దెనిమిది నెలల నాటికి 1.4కు తగ్గింది. చేసినవి ఐదు పనులు: చేతులు కడుక్కోవడం, క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక ద్రవంతో చర్మం శుభ్రం చేయడం, కాథెటర్ పెట్టేవారు టోపీ, మాస్కు, గౌను, గ్లవ్స్ ధరించి రోగిని క్రిమిరహితం చేసిన గుడ్డతో పూర్తిగా కప్పడం, వీలైనంత వరకూ తొడ దగ్గరి నాళాన్ని వాడకపోవడం, అవసరం తీరిన కాథెటర్‌ను వెంటనే తీసివేయడం. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆపమని చెప్పే అధికారం అక్కడ నర్సులకు ఇచ్చారు. మన దగ్గర ఆ అధికారం ఉన్న వార్డులు ఎన్ని ఉన్నాయో వైద్యాధికారులే ఆలోచించాలని ఒక నర్సుగా కోరుతున్నాను.

ఇక మెమోల సంగతి. బృందం తన పని మెరుగుపరచుకోవడానికి తీసిన అంకెను పై అధికారి శిక్షించడానికి వాడిన రోజున ఆ అంకె చచ్చిపోతుంది. అదే రోజు ఇంటికి వెళ్లినవారు పదికి ముగ్గురే అని మేము నిజాయితీగా రాసి పంపిన మొదటి నెలలోనే, ఒక సమీక్షలో మా సూపరింటెండెంటు గారిని అందరి ముందూ నిలదీశారు. మరుసటి నెల లెక్క ఇంత వివరంగా పంపాలా అని మా బృందంలోనే వాదన జరిగింది. ఆ వాదన సహజమైనది. పెన్షను, ఇంక్రిమెంటు, బదిలీ అన్నీ ఒక కాగితం మీద ఆధారపడి ఉండే ఉద్యోగి తన లోపాన్ని తనే రాసి ఇవ్వాలంటే ఆ కాగితం తన మెడకు చుట్టుకోదన్న నమ్మకం ఉండాలి. మా సూపరింటెండెంటు గారు లెక్క మార్చవద్దని గట్టిగా చెప్పారు కనుక మా పని సాగింది. అందరికీ అలాంటి పెద్ద దిక్కు దొరకదు.

రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలను మీ పత్రిక ద్వారా నేను కోరేది కష్టమైనదేమీ కాదు. నెలవారీ సమీక్షలో ఓపీ సంఖ్య అడిగిన వెంటనే, పరీక్ష రాసిన వారిలో అదే రోజు పని ముగించుకుని ఇంటికి వెళ్లినవారు ఎందరని కూడా అడగాలి. ఏ బృందానికైనా లక్ష్యం ఇచ్చే ముందు రెండు వారాలు ఉన్నది ఉన్నట్టు లెక్కించుకునే వ్యవధి ఇవ్వాలి, లక్ష్యం అంకెను ఆ బృందమే ప్రతిపాదించాలి. ఒక్కో బృందానికి ఒకేసారి రెండు మూడు అంకెలకు మించి ఇవ్వకూడదు. నాణ్యత మెరుగుదల కోసం బృందం తీసిన లెక్కల ఆధారంగా ఎవరికీ మెమో ఇవ్వరాదని రాతపూర్వకంగా ఆదేశం ఉండాలి. నిర్లక్ష్యం మీద చర్యలకు వేరే నియమాలు ఎలాగూ ఉన్నాయి. మీ విలేకరులను కూడా ఒకటి అడుగుతున్నాను. ఈసారి ఏ ఆసుపత్రికైనా ధ్రువపత్రం వచ్చిందని వార్త రాసేటప్పుడు స్కోరు పక్కన, అదే రోజు పని ముగించుకుని ఇంటికి వెళ్లినవారి లెక్క ఒక్కటి, నిరుటిదీ ఈ ఏటిదీ అడిగి రాయండి. జవాబు లేకపోతే లేదనే రాయండి.

మా ల్యాబ్ కిటికీ పక్కన ఒక తెల్ల బోర్డు పెట్టి, ప్రతి శనివారం ఆ వారం అంకెను మార్కర్‌తో రాసేవాళ్లం. రోగులు కూడా ఆగి చదివేవారు. పదవీ విరమణ తరువాత బీపీ మాత్రల కోసం నేను ఆ ఆసుపత్రికే వెళ్లాను. బోర్డు అక్కడే ఉంది, చివరిగా రాసిన తేదీ ఎనిమిది నెలల కిందటిది. ల్యాబ్ టెక్నీషియన్ బదిలీ అయి వెళ్లిన వారం అది. ఆ అంకె రాయడాన్ని ఎవరి డ్యూటీ చార్టులోనూ చేర్చకుండా, అతని ఇష్టం మీదే వదిలేసిన తప్పు మా బృందానిది, అందులో నాది కూడా. ఇప్పుడు పనిచేస్తున్న బృందాలు లక్ష్యం రాసుకునే రోజునే, దాన్ని ఏ వారం ఎవరు లెక్కించాలో, ఆ మనిషి సెలవులో ఉంటే ఎవరు లెక్కించాలో డ్యూటీ చార్టులోకి ఎక్కించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు